చర్చి టెక్నాలజీ వర్క్‌షాపు పెట్టాలనుకుంటే: హాలు నుంచి హెచ్‌డీఎంఐ వైరు దాకా ఏది ఎంచుకోవాలి?

"అన్నా, మా సంఘంలో టెక్నాలజీ వర్క్‌షాపు పెడదామనుకుంటున్నాం. ఏ హాలు తీసుకుంటే బాగుంటుంది?" అని చిత్తూరు చుట్టుపక్కల నుంచి అప్పుడప్పుడూ ఫోన్లు వస్తుంటాయి. హాలు సంగతి చెప్పకుండా నేనొక ఎదురు ప్రశ్న వేస్తాను. వచ్చేవాళ్ల చర్చిల్లో ఏముంది? ఒక అహుజా ఆంప్లిఫయరూ రెండు మైకులేనా, పన్నెండు ఛానెళ్ల సౌండు మిక్సరుందా, ప్రొజెక్టరా, టీవీనా, లేక పాస్టరుగారి ఫోను తప్ప ఇంకేమీ లేదా?

చాలామంది దగ్గర ఈ జాబితా ఉండదు. వక్త ఎవరో తేలిపోయి ఉంటుంది, బ్యానరుకు అడ్వాన్సు కూడా ఇచ్చేసి ఉంటారు. కానీ మనది ఆరాధనలో సౌండు, తెర, లైవ్ నడపడం చేతులతో నేర్చుకునే వర్క్‌షాపు. తమ చర్చిలో లేని మిషను మీద నేర్చుకున్నది పై ఆదివారానికి గుర్తుండదు. అందుకే ఏ రెండింటిలో ఏది అని తేల్చుకోవాల్సి వచ్చినా నేను చూసేది రెండే. అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరి చెయ్యీ మిషను మీద పడుతుందా? నేర్చుకున్నది ఇంటికెళ్లాక ఉన్న సామానుతోనే చేయగలరా?

మా సంఘంలో మీడియా టేబుల్ దగ్గర, అంటే సౌండు, తెర నడిపే బల్ల దగ్గర కూర్చునేది నేనే. చిత్తూరులో రెండుసార్లు వర్క్‌షాపు పెట్టాం, తిరుపతిలో ఒకసారి వేరేవాళ్లు పెడితే సాయానికి వెళ్లాను. మొదటిసారి ఎలా తప్పామో కూడా కింద చెప్తాను.

తిరుపతా, చిత్తూరా?

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినా సంఘాల రాకపోకలు పాత దారుల్లోనే నడుస్తున్నాయి. రెండు ఊళ్ల మధ్య దూరం డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు. నేర్పేవాళ్లు చెన్నై నుంచో హైదరాబాదు నుంచో వస్తుంటే తిరుపతి సుఖం. రైళ్లున్నాయి, రేణిగుంటలో ఎయిర్‌పోర్టుంది, ఆఖరి నిమిషంలో ఒక కన్వర్టరో కేబులో కావాలన్నా దొరుకుతుంది. చిక్కల్లా గదులతోనే. శని, ఆదివారాలు యాత్రికుల రద్దీ, బ్రహ్మోత్సవాలప్పుడు చెప్పనే అక్కర్లేదు. బయటి ఊరివాళ్లను రాత్రి ఉంచాల్సి వస్తే లాడ్జి ఖర్చే హాలు ఖర్చును మించిపోతుంది.

పలమనేరు, పుంగనూరు, బంగారుపాళ్యం, కుప్పం వైపు సంఘాలకు చిత్తూరే దగ్గర. పొద్దున బస్సెక్కి వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. నేర్పేవాళ్లు వేలూరు నుంచి వచ్చేట్టయితే గంట ప్రయాణం. శ్రీకాళహస్తి, రేణిగుంట, పుత్తూరు వాళ్లకు తిరుపతి. రెండు వైపుల వాళ్లనూ ఒక్కచోటికి లాగి వందమందితో పెద్ద సభ చేయాలన్న కోరిక కమిటీల్లో ఎప్పుడూ ఉంటుంది. ఒప్పుకోకండి. పదిహేను మందితో అక్కడొకటి, పదిహేను మందితో ఇక్కడొకటి పెట్టండి. వందమందికి మీరు చూపించగలరే గానీ చేయించలేరు.

చిత్తూరు వైపు పెట్టేవాళ్లకు ఇంకో మాట. మన దగ్గర చాలా సంఘాల్లో ఒకే ఆరాధనలో ఒక తెలుగు పాట, ఒక తమిళ పాట నడుస్తాయి. పాటలు తెర మీద చూపడానికి నేర్పబోయే సాఫ్ట్‌వేరులో రెండు లిపులూ పెట్టి ముందే చూసుకోండి. తెలుగు చక్కగా కనిపించి తమిళం డబ్బాలు డబ్బాలుగా వస్తే, సగంమంది ఇది మాకు కాదులే అనుకుని చేతులు కట్టుకుంటారు.

తేదీ

పాస్టరుగారికి శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం ప్రసంగం సిద్ధం చేసుకోవడం, ఆదివారం ఆరాధన. యూత్‌కు సోమవారం నుంచి శుక్రవారం దాకా కాలేజీ, ఉద్యోగం. ఇద్దరికీ కుదిరే రోజంటూ లేదు, వెతకడం మానేయండి. ఆదివారం టేబుల్ దగ్గర కూర్చునేది ఎవరు? వాళ్లకు కుదిరే రోజే మన రోజు. రెండో శనివారం అందుకు అన్నిటికన్నా మేలు. పాస్టరుగార్లను పిలవాలనుంటే సోమవారం ఉదయం ఒక గంట విడిగా పెట్టి, ఏమేం కొనాలి, ఏవి కొనక్కర్లేదు అన్నంతవరకే మాట్లాడండి.

నెలల్లో డిసెంబరు వద్దు, ఈస్టరుకు ముందొచ్చే శ్రమకాలం (లెంట్) వద్దు. ఏప్రిల్, మే నెలల్లో వీబీఎస్ (పిల్లల వేసవి బైబిలు బడి) పనిలో యూత్ అంతా మునిగి ఉంటారు, పైగా రేకుల షెడ్డులో ఆ ఎండకు ప్రొజెక్టరు కూడా అలసిపోతుంది. అక్టోబరు చివర, నవంబరు మనకు తుపాన్ల కాలం. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో చూసినవాళ్లెవరూ ఆ నెలలో తేదీ పెట్టరు. జులై, ఆగస్టు గానీ, సంక్రాంతి వెళ్లాక ఫిబ్రవరి మొదటి వారాలు గానీ చూసుకోండి.

హాలు: చర్చా, కాలేజీ ల్యాబా, హోటలా?

హోటలు హాలు గురించి రెండు ముక్కలు చాలు. ఏసీ ఉంటుంది, భోజనం వాళ్లే చూసుకుంటారు, సౌండ్ సిస్టమ్‌ను మాత్రం మనల్ని ముట్టుకోనివ్వరు. మిక్సరు ముట్టుకోకుండా మిక్సరు నేర్పడం ఎలా?

కాలేజీ ల్యాబు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. ముప్పై కంప్యూటర్లు వరసగా, ఒక్కొక్కరికి ఒక కుర్చీ, గోడకు ప్రొజెక్టరు. మొదటిసారి మేమూ దానికే పడిపోయాం. ఒక కాలేజీవాళ్లు ఆదివారం తప్ప ఏ రోజైనా వాడుకోండి అన్నారు, సంతోషంగా వెళ్లాం. పొద్దున తొమ్మిదికి సాఫ్ట్‌వేరు ఎక్కించబోతే ప్రతి కంప్యూటరూ అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. పాస్‌వర్డ్ తెలిసిన ల్యాబ్ అసిస్టెంటు ఆ రోజు సెలవు. ఫోనులో బతిమాలి పాస్‌వర్డ్ తీసుకుని, ఒక్కో మిషనూ తిరిగి ఎక్కించేసరికి పదకొండున్నర. సరే, పాటలు టైప్ చేయించాం, థీములు (పాట వెనక రంగు, అక్షరాల తీరు) చేయించాం. ఒంటిగంటకు కరెంటు పోయింది, ఎలాగూ భోజనాల వేళే కదా అనుకున్నాం. తిరిగొచ్చి కంప్యూటర్లు ఆన్ చేస్తే సాఫ్ట్‌వేరూ లేదు, పాటలూ లేవు. రీస్టార్ట్ అయిన ప్రతిసారీ డిస్కును పాత స్థితికి తెచ్చేసే ఏర్పాటు వాళ్ల ల్యాబులో ఉంది. విద్యార్థులు వైరస్‌లు ఎక్కించకుండా చాలా కాలేజీలు చేసేదే అది. తప్పు వాళ్లది కాదు, అడగకపోవడం మాది. మధ్యాహ్నమంతా నేను బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పాను.

ల్యాబే దిక్కయితే వారం ముందు వెళ్లి ఒక కంప్యూటరులో సాఫ్ట్‌వేరు ఎక్కించి, ఒక ఫైలు సేవ్ చేసి, ఆఫ్ చేసి ఆన్ చేయండి. రెండూ మిగిలి ఉంటే ఆ ల్యాబు పనికొస్తుంది. యూఎస్‌బీ పోర్టులు పనిచేస్తున్నాయో లేదో కూడా ఒక పెన్‌డ్రైవు పెట్టి చూడండి. చాలాచోట్ల వాటిని మూసేసి ఉంచుతారు.

ఇప్పుడు నా ఓటు చర్చి హాలుకే. కుర్చీలు గట్టివి, ఫ్యాన్లు చప్పుడు చేస్తాయి, ప్లగ్గులు తక్కువ. అయినా అసలైన మిక్సరు, అసలైన ప్రతిధ్వని, కిటికీలోంచి పడే అసలైన ఎండ అక్కడే ఉంటాయి. అమెరికా మిషనరీల ఆర్కాటు మిషను కాలంలో కట్టిన పాత చర్చిల్లాంటి ఎత్తు పైకప్పుంటే మాట రెండుసార్లు వినిపిస్తుంది. దాన్ని ఎలా అదుపులో పెట్టాలో ఏసీ హాలులో నేర్పలేం. బెంచీలు తీసేసి, భోజనాల బల్లలు నాలుగు వేసి, ఒక్కో బల్ల చుట్టూ నలుగురిని కూర్చోబెట్టండి.

తెర సంగతీ ఇక్కడే తేలిపోతుంది. మాకు ప్రొజెక్టరు కావాలా, టీవీ చాలా అని వచ్చినవాళ్లు తప్పకుండా అడుగుతారు. ఒక చిన్న లెక్క చెప్పండి. బొమ్మ ఎత్తు ఎంతో చూసి దాన్ని ఎనిమిదితో హెచ్చించండి. అంతకన్నా వెనక కూర్చున్నవాళ్లకు అక్షరాలు చదవడం కష్టం. యాభై అయిదు అంగుళాల టీవీలో బొమ్మ ఎత్తు సుమారు రెండుంబావు అడుగులు, అంటే పద్దెనిమిది అడుగుల దాకా సరిపోతుంది. ఎనిమిది అడుగుల వెడల్పు తెర మీద ప్రొజెక్టరు బొమ్మ నాలుగున్నర అడుగుల ఎత్తుంటుంది, ముప్పై ఆరు అడుగుల దాకా చదవొచ్చు. కానీ పగలు పది గంటల ఆరాధనకు కిటికీలన్నీ తెరిచి ఉండే పల్లె చర్చిలో మామూలు ప్రొజెక్టరు వెలవెలబోతుంది. అక్కడ ముందు వరుసకు ఒక టీవీ, మధ్యలో గోడకు ఇంకో టీవీ అయినా మేలే. వర్క్‌షాపు రోజున మిట్టమధ్యాహ్నం కిటికీలు తెరిచి చూపించండి, వాళ్లే నిర్ణయించుకుంటారు. లాప్‌టాపు నుంచి తెరకు బొమ్మ తీసుకెళ్లే హెచ్‌డీఎంఐ వైరు పొడవాటిది కొనబోయేవాళ్లకు మాత్రం ముందే చెప్పండి. పది మీటర్లు దాటాక మామూలు వైరులో బొమ్మ వస్తూ పోతూ ఉంటుంది.

లాప్‌టాపులు: వాళ్లవా, మనవా?

వాళ్లవే. ఇందులో నాకు రెండో మాట లేదు. అద్దెకు తెచ్చిన కొత్త లాప్‌టాపులో నేర్చుకున్నవాళ్లు ఇంటికెళ్లి, ఏడేళ్ల నాటి పాత లాప్‌టాపు తెరిచి, ఫాంటు లేదని ఫోను చేస్తారు. తమ మిషనే తెచ్చుకుంటే ఆ గొడవ మన కళ్ల ముందే జరిగి అక్కడే తీరిపోతుంది. చర్చికి డెస్క్‌టాపు ఉంటే దాన్నీ మోసుకు రమ్మనండి. పుంగనూరు వైపు నుంచి వచ్చిన ఒక బ్రదర్ సీపీయూని పాత దుప్పట్లో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. ఆ రోజు అందరికన్నా ఎక్కువ నేర్చుకున్నదీ ఆయనే.

లాప్‌టాపు అసలే లేని సంఘాలుంటాయి. వాళ్లను వెనక వరుసలో ప్రేక్షకుల్లా కూర్చోబెట్టకండి. ఫోనుతో చేసే పనులు ఒక బల్ల నిండా ఉన్నాయి. పాటలు తెలుగులో టైప్ చేయడం, ఫోను నుంచి టీవీకి బొమ్మ పంపడం, ఆరాధన రికార్డు చేయడం. ఆ బల్ల వేరే పెట్టండి.

ఒక్కో సంఘం నుంచి ఎంతమంది? ఒకరిని పిలిస్తే ఆ ఒక్కరికీ బెంగళూరులో ఉద్యోగం వచ్చిన రోజు సంఘానికి మళ్లీ చీకటే. ఇద్దరిని పిలవండి, ఒకరు కుర్రవాళ్లు, ఒకరు ఊరు వదిలి వెళ్లనివాళ్లు. మా రెండో వర్క్‌షాపులో ఒక సండే స్కూలు టీచరమ్మ వచ్చారు, అరవై దాటాయి. మౌసు పట్టుకోవడం అదే మొదలట, బాణం గుర్తు ఎక్కడికి పోయిందో తెలియక మౌసుని బల్ల అంచు దాటించేశారు. పక్కనున్న కుర్రాళ్లు నవ్వు ఆపుకుంటున్నారు. పాటలు టైప్ చేసే వేళకు ఆమె సంచిలోంచి ఫోను తీసి, కీబోర్డులో మైకు గుర్తు నొక్కి, పాట మొత్తం చదివేశారు. మూడు నిమిషాల్లో నాలుగు చరణాలు తెర మీద. కుర్రాళ్లింకా 'స్తోత్రము'లో ఒత్తు ఎలా వస్తుందా అని వెతుకుతున్నారు. ఆ తర్వాత ఆమె వాళ్ల తెరలన్నీ చూసుకుంటూ, "నాయనా, ఇక్కడ దీర్ఘం పోయింది" అని దిద్దుకుంటూ తిరిగారు. ఇప్పుడు వాళ్ల చర్చిలో పాటల ఫైళ్లన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయని విన్నాను.

సాఫ్ట్‌వేరు: ఏది నేర్పాలి?

ఎక్కువ వాదన జరిగేది ఇక్కడే. అందుబాటులో ఉన్నవి మూడు రకాలు. అందరికీ తెలిసిన పవర్‌పాయింటు ఒకటి. డబ్బు కట్టి వాడే ప్రొప్రెజెంటర్, ఈజీవర్షిప్ లాంటివి రెండో రకం. ఉచితంగా దొరికే ఓపెన్‌ఎల్‌పి, ఫ్రీషో లాంటివి మూడోది.

పవర్‌పాయింటును చిన్నచూపు చూడకండి. నెలకొకసారి నాలుగు పాటలు చూపించే చిన్న సంఘానికి అది చాలు. దాని చిక్కు మన పాటల తీరులోనే ఉంది. ప్రతి చరణం తర్వాత పల్లవికి తిరిగిరావాలి, ఆత్మీయ ఉద్వేగంలో పాడేవాళ్లు పల్లవిని రెండుసార్లు పాడతారో నాలుగుసార్లు పాడతారో ఎవరికీ తెలియదు. పవర్‌పాయింటులో పల్లవి స్లైడును ప్రతి చరణం వెనకా అతికించుకుంటూ పోవాలి, లేదంటే వెనక్కి వెనక్కి పరుగెత్తాలి. ఓపెన్‌ఎల్‌పిలో పల్లవిని ఒక్కసారి టైప్ చేసి, వరుస ఏమిటో రాసి పెడితే అదే తిరిగి తెస్తుంది. పాడేవాళ్లు దారి తప్పినా, నడుస్తున్న పాటలో ఇంగ్లీషు సి అక్షరం నొక్కితే పల్లవికి దూకుతుంది. ఇది చూపించినప్పుడు గదిలో ఒక "అబ్బా!" వినిపించి తీరుతుంది.

ప్రొప్రెజెంటరు మంచి సాఫ్ట్‌వేరే. పెద్ద తెరలూ, స్టేజీ మీద పాడేవాళ్లకు వేరే తెరా, మూడు నాలుగు కెమెరాలూ ఉన్న నగర చర్చిలకు పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. కానీ ఏడాదేడాదీ కట్టాలి. వర్క్‌షాపులో దాన్ని నేర్పితే ఏం జరుగుతుందో తెలుసా? మర్నాడే ఎవరో ఒకరు క్రాక్ చేసిన దొంగ కాపీ పెన్‌డ్రైవులో పంచుతారు. చర్చి బల్ల మీద దొంగ సరుకు ఎందుకు? అది చాలదన్నట్టు ఆ కాపీలతో వచ్చే వైరస్సులు మూడు నెలల పాటలన్నీ మింగేస్తాయి.

కాబట్టి ఉచితమైనవాటిలోంచే ఎంచుకోండి. ఫ్రీషో చూడ్డానికి కొత్తగా, అందంగా ఉంటుంది, కుర్రవాళ్లకు తొందరగా పట్టుబడుతుంది. ఓపెన్‌ఎల్‌పి రూపం పాతదే గానీ పాత లాప్‌టాపుల మీద నిలకడగా నడుస్తుంది. మా జాబితాలో పాత మిషన్లు ఎక్కువ కాబట్టి మేం ఓపెన్‌ఎల్‌పి తీసుకున్నాం. ఇంకో రెండు కారణాలున్నాయి. ఒకే వైఫైలో ఉన్న ఫోను బ్రౌజరులో లాప్‌టాపు అడ్రసు, దాని చివర కోలన్ (:) పెట్టి 4316 కొడితే ఫోనే రిమోట్ అవుతుంది. కీబోర్డు వాయించే అబ్బాయే తన పాట తాను మార్చుకోవచ్చు. రెండోది, తెర అడుగున చిన్న ప్రకటన నడిపే సౌకర్యం. ప్రసంగం ఆపకుండానే "ఏపీ 03 నంబరు బండి దారికి అడ్డంగా ఉంది" అని వేయొచ్చు. నిజం చెప్తే మా పెద్దలు కంప్యూటరుకు ఒప్పుకున్నది ఈ ఒక్కదానికే.

రెండు సాఫ్ట్‌వేర్లు ఒకే రోజు నేర్పకండి. ఒకటి చాలు.

సాఫ్ట్‌వేరు కన్నా పెద్ద తలనొప్పి ఫాంటు. ప్రతి సంఘం దగ్గరా డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో టైప్ చేయించిన పాటల ఫైళ్లు ఉంటాయి. అవి యూనికోడ్ (ఏ మిషనులోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కావు, కొత్త సాఫ్ట్‌వేరులో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చడమా, మళ్లీ టైప్ చేయించడమా? వందల పాటలుంటే కన్వర్టరు వాడి ఒత్తులు దిద్దుకోవాలి. ముప్పై నలభై పాటలే అయితే టీచరమ్మ పద్ధతిలో ఫోనులో చదివించడమే త్వరగా అవుతుంది. కీబోర్డు మీద టైప్ చేస్తామనేవాళ్లకు విండోస్ 10లో 2019 తర్వాతి వెర్షన్లలో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు (ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది) దాంట్లోనే ఉంది, విడిగా ఏదీ ఎక్కించక్కర్లేదు.

తెర మీదకు మందమైన ఫాంట్లు కావాలి. రామభద్ర అలాంటిదే, ఉచితం. పెన్‌డ్రైవులో ఫాంటు ఫైళ్లు పెట్టుకుని అందరి మిషన్లలో పొద్దున్నే ఎక్కించేయండి. ఇంగ్లీషు థీములను ఉన్నవి ఉన్నట్టు వాడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడి మీద పడతాయి, వరుసల మధ్య ఎడం పెంచాలి. ఒక స్లైడుకు నాలుగు వరుసలు దాటొద్దు. అక్షరాలకు నీడ, అంచు గీత రెండూ పెడితే 'ఘ', 'ఝ' పూడుకుపోతాయి, ఏదో ఒకటి తీసేయండి.

సౌండు: చిన్న మిక్సరా, డిజిటలా?

డిజిటల్ మిక్సరు చూపిస్తే అందరూ ఫోటోలు తీసుకుంటారు, ఎవరూ వాడరు. నేర్పడానికి ఎనిమిది నుంచి పన్నెండు ఛానెళ్ల అనలాగు మిక్సరే సరైంది. పదిహేను మందికి మూడు మిక్సర్లు కావాలి. అద్దెకు తెచ్చుకోవడం కన్నా వచ్చే సంఘాల్లో మూడింటిని తమవి తెమ్మనడం మంచిది. ఆ మిక్సరు అయిదేళ్లుగా ఎలా తప్పుగా వాడుతున్నారో అప్పుడే బయటపడుతుంది. ఆంప్లిఫయరులోనే మైకులు గుచ్చుకునే పల్లె సంఘాల కోసం అలాంటిది ఒకటి బల్ల మీద పెట్టండి.

నేర్పాల్సినవాటిలో పైన ఉండే గెయిన్ నాబుకు (మైకు సౌండు ఎంత లోపలికి తీసుకోవాలో చెప్పేది), కింద ఉండే ఫేడరుకు (ఎంత బయటికి పంపాలో చెప్పేది) తేడా మొదటిది. మన చర్చిల్లో మైకు కూత పెట్టడానికి సగం కారణం గెయిన్ ఆఖరు దాకా తిప్పి ఉంచడమే. మిగతా సగం మైకు ముందే స్పీకరు బాక్సు పెట్టడం. ఈ రెండూ వాళ్ల చేత చేయించి, కూత రప్పించి, మళ్లీ వాళ్ల చేతే ఆపించండి. చెవులు మూసుకుంటారు గానీ మరిచిపోరు.

రెండోది, లైవ్‌కు వెళ్లే సౌండు. "యూట్యూబులో పాట వినిపిస్తుంది, డ్రమ్స్ వినపడవు" అనేది అందరి ఫిర్యాదే. హాలులో డ్రమ్స్ తమంతట తామే మోగుతాయి కాబట్టి మిక్సరులో వాటిని తగ్గించి ఉంచుతాం. బాక్సులకు వెళ్లే సౌండునే లైవ్‌కు పంపితే అందులో డ్రమ్స్ ఉండవు. ఆక్స్ (మిక్సరులో సౌండును వేరుగా బయటికి పంపే దారి) నుంచి విడిగా తీసి, డ్రమ్స్‌కూ, సంఘం పాటకూ ఒక మైకు పెట్టి ఆ ఆక్స్‌లో పెంచాలి. మిక్సరు లైన్ సౌండును తిన్నగా ఫోను మైకు రంధ్రంలోకి గుచ్చితే పగిలిపోయినట్టు వస్తుంది. మధ్యలో ఆ సౌండును ఫోనుకు సరిపడేట్టు మార్చే చిన్న డబ్బా, ఆడియో ఇంటర్‌ఫేసు, కావాలి, లేదంటే యూఎస్‌బీ ఉన్న మిక్సరు. కొత్త మిక్సరు కొనబోయే సంఘాలకు నేను చెప్పేది ఇదొక్కటే: యూఎస్‌బీ ఉన్నది తీసుకోండి.

లైవ్: ఫోనా, ఓబీఎస్సా?

ఒక్క కెమెరా చాలనుకుంటే ఫోను. పాట సాహిత్యం, వాక్యం రెఫరెన్సు బొమ్మ మీద వేయాలంటే లాప్‌టాపులో ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేరు, అదీ ఉచితమే. వర్క్‌షాపు పెట్టేవాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సింది వేరే ఉంది. యూట్యూబు ఛానెలులో లైవ్ మొదటిసారి ఆన్ చేస్తే తెరుచుకోవడానికి 24 గంటల దాకా పడుతుంది. ఫోను నుంచి లైవ్ ఇవ్వాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. ఈ రెండూ వారం ముందే వాట్సాపులో చెప్పి చేయించకపోతే ఆ గంట వృథా.

నెట్టు సంగతి. 720పి నాణ్యత బొమ్మకు సెకనుకు 4 మెగాబిట్లు పైకి పంపాలి. గంటకు 1.8 జీబీ అవుతుంది. పదిమంది ఒకేసారి లైవ్ పెడితే సెకనుకు 40 మెగాబిట్లు. చాలా చర్చిల కనెక్షన్లు తట్టుకోలేవు. అందరి చేతా ఓబీఎస్‌లో రికార్డు చేయించండి, ఇద్దరి చేత మాత్రం లైవ్ పెట్టించండి. ఆఖరి బటన్ తప్ప మిగతా పనంతా ఒకటే.

కరెంటు

దీన్ని ఎవరూ జాబితాలో రాయరు, వర్క్‌షాపును ఆపేది మాత్రం ఇదే. గోడకున్న మామూలు చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది, అంటే దాదాపు 1,380 వాట్లు. ఒక్కో లాప్‌టాపు ఛార్జరు 65 వాట్లనుకుంటే పదహారు లాప్‌టాపులకు 1,040, ప్రొజెక్టరు ఇంకో 300. ఒకే ప్లగ్గుకు స్పైక్‌బస్టరు మీద స్పైక్‌బస్టరు తగిలిస్తే అంచు మీద నిలబడ్డట్టే. మా రెండో వర్క్‌షాపులో ఆ అంచు మీదే ఉన్నాం. పదకొండు గంటలకు ఒక చెల్లెమ్మ టీ కోసం ఎలక్ట్రిక్ కెటిల్ తెచ్చి ఖాళీ ఉన్న ప్లగ్గులో పెట్టింది. అది 1,500 వాట్లు. సగం హాలు చీకటి, మిక్సరు టప్ మంది, అందరూ కరెంటోళ్లను తిట్టుకున్నారు. పాపం, వాళ్ల తప్పేమీ లేదు.

అందుకని ఎలక్ట్రీషియనును ఒకరోజు ముందు పిలిచి హాలులో ఏ ప్లగ్గులు ఏ లైనువో అడగండి. బల్లకొక లైను, సౌండుకు విడిగా ఒక లైను ఇప్పించండి. టీ బయట గ్యాసు పొయ్యి మీద.

జనరేటరా, ఇన్వర్టరా? లాప్‌టాపులకు వాటి బ్యాటరీలే ఉన్నాయి, ఫుల్ ఛార్జింగుతో రమ్మంటే చాలు. ప్రొజెక్టరు, మిక్సరు, వైఫై రౌటరుకు ఇంట్లో వాడే ఇన్వర్టరు గంటా రెండు గంటలు లాగుతుంది. జనరేటరు అద్దె, దాని చప్పుడు, సౌండులో అది తెచ్చే గురగుర అంతా అనవసరం. డెస్క్‌టాపులు ఎక్కువొస్తే మాత్రం ఒక్కోదానికి యూపీఎస్ ఉండాలి.

రుసుమూ, భోజనమూ

ఉచితమా, రుసుమా అని కమిటీలో గంటసేపు మాట్లాడొద్దు. పూర్తి ఉచితమైతే పేరిచ్చినవాళ్లలో చాలామంది రారు, వాళ్ల కుర్చీ ఇంకొకరికి దక్కదు. సంఘానికి రెండు మూడు వందలు పెట్టండి, ఇవ్వలేని సంఘాలకు మీ యూత్ కానుకలోంచి సర్దండి. భోజనం బిర్యానీ వద్దు, మధ్యాహ్నం అందరూ నిద్రపోతారు. చిత్రాన్నం, పెరుగన్నం, ఊరగాయ. నాటుకోడి, సంగటి తినాలనుంటే పని అయ్యాక సాయంత్రం పెట్టుకోండి, నన్నూ పిలవండి.

ఒక రోజా, రెండు రోజులా అంటే వరసగా రెండు రోజులు వద్దు. ఒక శనివారం పెట్టి, నాలుగు వారాల తర్వాత ఇంకో శనివారం పెట్టండి. మధ్యలో నాలుగు ఆదివారాలు వాళ్లు సొంతంగా తడబడి, అసలైన ప్రశ్నలతో వస్తారు.

ఆ నాలుగు ఆదివారాలూ ఒక మనిషిని ఫోను దగ్గర ఉంచండి. వాట్సాపు గ్రూపు సరిపోదు. పొద్దున తొమ్మిదింటికి గ్రూపులో "ప్రైజ్ ద లార్డ్" సందేశాల మధ్య ఎవరి ప్రశ్న ఎక్కడ పోయిందో దొరకదు. మొదటి ఆదివారం మాకొచ్చిన ఏడు ఫోన్లలో అయిదు ఒకే సంగతి: లాప్‌టాపు తెర మీద పాటుంది, గోడ మీద లేదు. వెనక నుంచి సంఘం అప్పటికే పల్లవి ఎత్తుకున్న చప్పుడు వినిపిస్తుంటుంది. "విండోస్ బటన్ పట్టుకుని పి నొక్కు తమ్ముడూ, ఎక్స్‌టెండ్ అని ఉంటుంది చూడు" అంటాం. రెండు సెకన్లు మౌనం. "వచ్చిందన్నా" అని, థ్యాంక్స్ కూడా చెప్పకుండా పెట్టేస్తారు.